సెస్ తీగల కింద సిరిసిల్ల

సిరిసిల్లకు ఇప్పటికీ రైలు లేదు. మనోహరాబాద్ నుంచి కొత్తపల్లికి వేస్తున్న లైను మీద 2023 అక్టోబరులో బండి సిద్దిపేట దాకా వచ్చింది. మానేరు వాగు దాటి మా ఊరికి ఇంకా రావాలి. సముద్రం ఎటు చూసినా వందల కిలోమీటర్ల దూరం. నేసే నూలు బయటి నుంచి వస్తుంది, నేసిన గుడ్డ రంగు కోసం బయటికే పోతుంది, కొనే సేఠ్‌లు బయటే ఉంటారు. అయినా ఈ ఊళ్లో సుమారు 30 వేల సాంచాలు నడిచిన రోజులున్నాయి. మరమగ్గాలను మా దగ్గర అట్లానే అంటారు.

ఈ పని ఇక్కడికెట్లా వచ్చిందని అడిగితే ఎవరైనా బొంబాయి పేరు చెబుతారు. అది నిజమే కాని, సగం నిజం. మిగతా సగం మా స్తంభాల మీదుగా వచ్చింది. నేను ఆ స్తంభాల మనిషిని. సహకార విద్యుత్ సరఫరా సంఘంలో హెల్పర్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా దిగిపోయాను. ఊళ్లో దాన్ని ఎవరూ అంత పొడుగు పేరుతో పిలవరు, సెస్ అంటారు. బిల్లు కట్టే పిల్లలకు ఇప్పుడు అది కరెంటాఫీసు. అది తమ తాతల వాటా డబ్బుతో లేచిన సంఘమని వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. అందుకే రాస్తున్నాను.

ముందు బొంబాయి సంగతి. మా పక్క పద్మశాలీలు ఊరూరా ఉన్నారు. చీర, ధోతి, సెల్లా నేసి అంగడిలో అమ్ముకునేవాళ్లు. మిల్లు గుడ్డ చవగ్గా వచ్చిపడ్డాక మగ్గం కూడు పెట్టలేదు. నిజాం రాజ్యంలో దొరల వెట్టి ఒక దిక్కు, కరువు ఒక దిక్కు. 1900 ప్రాంతంలో సికింద్రాబాద్ నుంచి మన్మాడ్‌కు రైలు పడింది. ఎడ్లబండి మీద కామారెడ్డి స్టేషన్ చేరితే, అక్కడ ఎక్కిన మనిషి మన్మాడ్ మీదుగా బొంబాయిలో తేలేవాడు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి పక్క నుంచి పోయినవాళ్లు నిజామాబాద్‌లో ఎక్కేవాళ్లు. మా తాత తరం ఆ దారిన పోయింది, మా బాపు కూడా ఆ దారినే పోయాడు.

పరేల్, వర్లీ మిల్లుల్లో మా వాళ్లు మూడు షిఫ్టుల్లో పనిచేశారు. చాళ్లలో ఒకే గదిలో పది పన్నెండు మంది. ఒకరు డ్యూటీకి పోతే ఆ చాప మీద ఇంకొకరు పడుకునేవాళ్లు. కొందరు షోలాపూర్‌లో దిగిపోయారు, అక్కడి తూర్పు పేటల్లో ఈనాటికీ తెలుగే వినిపిస్తుంది. కొందరు భివండీ పోయారు. అక్కడ పద్మనగర్ అనే పేట పేటంతా మా వాళ్లే. ఊరికి మనియార్డర్లు వచ్చేవి. సంక్రాంతికో, పెళ్లికో మనిషి వచ్చేవాడు. ఆ మనిషికి యంత్రం పని వచ్చు. ఎక్కడ ఆగిందో వినే చెవి, ఎక్కడ బిగించాలో తెలిసిన చెయ్యి ఉండేవి. ఊళ్లో సాంచాలు పెట్టిన తొలి తరానికి మిల్లే బడి.

1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ పిలుపుతో బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది పని ఆపారు. సమ్మె ముగిసిందని ఎవరూ ప్రకటించలేదు. మిల్లులు ఒకటొకటిగా మూతపడుతూ పోయాయి. బాపు ఏడాదికి పైగా ఎదురుచూసి ట్రంకుపెట్టెతో ఇంటికొచ్చాడు. అట్లా వచ్చినవాళ్లు వాడకు పదిమంది ఉన్నారు. ఎవరి దగ్గరా పెద్ద డబ్బు లేదు. భివండీలో పాతబడ్డ సాంచాలను తూకానికి కొన్నట్టు కొని లారీల్లో తెచ్చారు. ఇంటి ముందు గదిలో నాలుగు సాంచాలు పడితే ఆ కుటుంబం వెనుక గదిలోకి జరిగింది.

సాంచ రావాలంటే ముందు కరెంటు రావాలి కదా. అదిక్కడ ఎట్లా వచ్చిందో చెప్పాలి.

1969 జులైలో కేంద్ర ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ సంస్థను పెట్టింది. పల్లెలకు కరెంటివ్వడానికి సహకార సంఘాలు పనికొస్తాయా అని చూడటానికి దేశంలో ఐదు చోట్లు ఎంచుకున్నారు. మైసూరు రాష్ట్రంలో హుక్కేరి, గుజరాత్‌లో కోడినార్, మహారాష్ట్రలో ములా-ప్రవర, ఉత్తరప్రదేశ్‌లో లక్నో దగ్గర ఒకటి, ఆంధ్రప్రదేశ్‌లో సిరిసిల్ల. ఆలోచన అమెరికాది. అక్కడ పొలాల దాకా తీగ లాగితే గిట్టుబాటు కాదని ప్రైవేటు కంపెనీలు చేతులెత్తేశాయి. 1936 చట్టం కింద రైతులే సంఘాలు కట్టి, ప్రభుత్వ అప్పుతో స్తంభాలు పాతుకున్నారు. ఆ పద్ధతిని ఇక్కడ నాటారు. మా సంఘం 1970లో పని మొదలుపెట్టింది.

సంఘం కరెంటు తయారు చేయదు. ప్రభుత్వ విద్యుత్ సంస్థ దగ్గర టోకున కొని, తన సబ్‌స్టేషన్లు, తన ట్రాన్స్‌ఫార్మర్లు, తన మనుషులతో ఇంటింటికీ పంచుతుంది. సర్వీసు తీసుకున్న మనిషి వాటా డబ్బు కట్టి సభ్యుడవుతాడు. సభ్యులు ఓటేసి డైరెక్టర్లను ఎన్నుకుంటారు. లాభమొస్తే పైకి పోదు, మళ్లీ లైన్లలోకే వస్తుంది. పాత సిరిసిల్ల తాలూకా మొత్తం దాని హద్దు. గంభీరావుపేట, ముస్తాబాద్, ఎల్లారెడ్డిపేట, కోనరావుపేట, చందుర్తి, వేములవాడ, బోయినపల్లి, ఇల్లంతకుంట, అన్నీ ఇందులోవే. ఊరినీ పల్లెనూ ఒకే పద్దులో కలిపింది ఇదొక్కటే.

సహకార శిక్షణ తరగతుల్లో మాకు డెన్మార్క్ కథ చెప్పేవాళ్లు. సంఘాల సంగతి ఎవరు మొదలుపెట్టినా ఆ దేశం దగ్గరికి పోక తప్పదు. 1864 యుద్ధంలో డెన్మార్క్ దక్షిణాన ఉన్న సీమలు పోగొట్టుకుంది, వాటితో పాటు అటువైపు వ్యాపార దారీ పోయింది. ఇంగ్లండ్‌కు సరుకు పంపడానికి పడమటి తీరాన సొంత రేవు కావాల్సొచ్చింది. గుప్పెడు ఇళ్లు తప్ప ఏమీ లేని ఎస్బియర్ అనే చోట రేవు కట్టాలని 1868లో చట్టం చేశారు. 1882లో ఆ రేవుకు దూరం కాని హెడింగ్ అనే పల్లెలో రైతులు కలిసి తొలి సహకార పాల కేంద్రం పెట్టారు. ఆవులెన్ని ఉన్నా మనిషికి ఒకటే ఓటు. అట్లాంటివి వందల్లో లేచాయి. ఆ వెన్న ఎస్బియర్ రేవు నుంచి ఓడలెక్కింది. రేవు సర్కారు కట్టిందే, కాని దాన్ని నిలబెట్టింది వెనుక ఉన్న పల్లెల సంఘాలు. మా ఊరికి వర్తించేది ఈ చివరి ముక్కే. ఒక పట్నం బతకాలంటే దాని వెనుక పల్లెలకు సొంతమైనదేదో ఒకటుండాలి. మా పల్లెలకు కరెంటు అట్లా సొంతమైంది.

నేను చేరేనాటికి పెద్ద ఊళ్లకు లైను పడింది, శివారు గూడేలు, బావులు మిగిలాయి. గడ్డపారతో గుంట తవ్వి, సిమెంటు స్తంభాన్ని ఎడ్లబండి మీద తెచ్చి, మోకులు కట్టి ఎత్తేవాళ్లం. రైతులే వచ్చి పట్టేవాళ్లు. బావి మీద మోటారు తిరిగి పైపులోంచి మొదటి నీళ్లు పడగానే ఆడవాళ్లు మోటారుకు బొట్టు పెట్టేవాళ్లు. అప్పటిదాకా మోట తోలిన ముసలివాళ్లు ఏమీ మాట్లాడకుండా ఆ కాలువ వెంట నడిచేవాళ్లు. ఆ ఊళ్ల పేర్లు నాకు ట్రాన్స్‌ఫార్మర్ల వారీగా గుర్తున్నాయి. హనుమాజీపేట స్తంభం ఎక్కినప్పుడల్లా, ఈ మట్టిలో 1931లో పుట్టి సిరిసిల్ల బడిలో ఉర్దూ మీడియంలో చదివిన పిల్లవాడే కవి సి. నారాయణరెడ్డి అయ్యాడని కింద ఉన్న హెల్పర్లకు చెప్పేవాణ్ని. ఒగ్గు కథకు ప్రపంచంలో పేరు తెచ్చిన మిద్దె రాములుదీ ఆ ఊరే.

ఆ కాలం పల్లెల్లో నిశ్శబ్దం లేదు. 1978 సెప్టెంబరులో జగిత్యాలలో రైతుకూలీల జైత్రయాత్ర జరిగింది. దొరల భూములు, వెట్టి, జరిమానాలు పేరుపెట్టి అడిగిన రోజది. ఆ అక్టోబరులో ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దొరల గడీల మాట చెల్లని కాలం అట్లా మొదలైంది. గడీకీ గూడేనికీ ఒకే తీగ నుంచి సర్వీసు ఇవ్వడం, ఇద్దరికీ ఒకే రేటు బిల్లు రావడం ఇప్పుడు మామూలు సంగతి. వెట్టి చేసిన ముసలమ్మ తన పేరుతో వచ్చిన రశీదును మడిచి కొంగుకు కట్టుకోవడం చూసినవాడిగా చెబుతున్నాను, అప్పుడది మామూలు కాదు.

ఇక ఊళ్లోకి వద్దాం. బి.వై.నగర్, సుందరయ్యనగర్, నెహ్రూనగర్, ఇందిరానగర్ సందుల్లో సాంచాల చప్పుడు రాత్రీపగలూ ఒకటే. బి.వై. అంటే బద్దం ఎల్లారెడ్డి, ఇల్లంతకుంట పక్క గాలిపెల్లి మనిషి, తెలంగాణ సాయుధ పోరాట నాయకుడు. యూనియన్లు కట్టిన వాడలకు ఆ పేర్లు నిలిచాయి. పని అంచెలంచెలుగా నడుస్తుంది. నూలు తెచ్చి బీములు పట్టించేవాడు యజమాని. ఆ బీములు తీసుకుని తన సాంచాల మీద మీటరు కూలికి నేయించి ఇచ్చేవాడు ఆసామి. పన్నెండు గంటల షిఫ్టులో ఆరేసి, ఎనిమిదేసి సాంచాల మధ్య తిరిగేవాడు కార్మికుడు. బీము అయిపోతే పాత పోగుకు కొత్త పోగును వేళ్లతో అతికేవాళ్లు వైపని కార్మికులు. వేల పోగులు, ఒకటి తప్పినా గుడ్డలో కనిపిస్తుంది. కండెలు చుట్టేది ఆడవాళ్లు. ఇన్ని చేతులు పడితే తయారయ్యేది ఏమిటంటే తెల్లని పాలిస్టరు గుడ్డ, లంగాల కాటన్ గుడ్డ. రంగు, అచ్చు, పేరు ఏ ఊళ్లో పడితే ఆ ఊరి సరుకవుతుంది. పోచంపల్లి, గద్వాల చీరలకు ఊరి పేరుంది, మా గుడ్డకు లేదు. ఇక్కడి చేతికి తక్కువేమీ లేదని అగ్గిపెట్టెలో పట్టే చీర నేసి నల్ల పరంధాములు చూపించాడు.

కరెంటు పోతే బజార్లో మొదట నా పేరు పిలిచేది ఆసాములే. "ఎప్పుడొస్తదే అన్నా?" ఆ అడగడంలో తిట్టు లేదు, లెక్క ఉంది. ఉన్నపాటున ఆగిన సాంచ మళ్లీ కదిలినచోట నేతలో గీత పడుతుంది. గీత పడితే గుడ్డకు కోత. ఓల్టేజి పడిపోతే మోటారు కాలుతుంది, కాలితే కట్టించడానికి వారం కూలి పోతుంది. వానాకాలం రాత్రి ఒక ఫీడరు బాగుచేసి స్విచ్చెయ్యగానే చీకట్లోంచి ఒక సందు, దాని వెనుక ఇంకో సందు చప్పుడందుకునేవి. ఆ చప్పుడు వినే మేము నిచ్చెన దిగేవాళ్లం.

మగవాళ్ల కథే చెబితే ఈ ఊరి పద్దు సరిపడదు. మా అవ్వ బీడీలు చేసింది. సిరిసిల్లలోనే కాదు, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దాకా ఇంటింటా చేటలో తునికాకు, తంబాకు, దారం. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. బీడీలు అప్పజెప్పే కమానుకు తీసుకుపోతే ఇన్ని బాగాలేవని కట్టలు పక్కన పడేసేవాళ్లు. బాపు బొంబాయిలో ఉన్న ఏళ్లలో పొయ్యి వెలిగింది ఆ కూలితోనే. 1970ల నుంచి కోరుట్ల, జగిత్యాల ఊళ్ల మగవాళ్లు బొంబాయి దాకా పోయి ఆగకుండా గల్ఫ్ విమానమెక్కారు. అక్కడా వెనుక ఇల్లు నిలిపింది బీడీ చేటే. 2015లో రాష్ట్రం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలుపెట్టింది, తర్వాత 2,016 చేసింది. ఒక ప్రభుత్వం ఆ మెడనొప్పికి, ఆ దగ్గుకు పేరుపెట్టి డబ్బివ్వడం నేను చూసిన న్యాయమైన పనుల్లో ఒకటి.

1990ల చివర నుంచి వచ్చిన ఏళ్ల గురించి రాయడం కష్టం. సిరిసిల్ల అనగానే బయటివాళ్లకు గుర్తొచ్చేది అదే, ఆత్మహత్యలు. నూలు ధర ఎగబాకింది, గుడ్డ ధర దిగింది. ఆసామి అప్పు, కార్మికుడి అప్పు వారం వడ్డీల మీద పెరిగాయి. కొత్త రకం సాంచాలతో ఇతర చోట్ల నేసిన గుడ్డ ముందు మా పాత సాంచాల గుడ్డ ఆగలేదు. విద్యుత్ సంస్కరణల పేరుతో 2000లో రాష్ట్రమంతటా చార్జీలు పెరిగాయి. ఆ ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఆ పెంపును నిరసించినవాళ్ల మీద పోలీసు కాల్పులు జరిగాయి. మా సంఘం స్తంభాలు మావే కాని, రేటు మా చేతిలో లేదు. టోకు ధర పైవాళ్లు చెప్పిందే. సొంతం అన్నమాటకు హద్దెక్కడో అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. బకాయి ఉన్న ఇంటి ముందు నిలబడి తీగ కోయాల్సిన పని మా మీద పడింది. ఆ ఇంట్లో మనిషి లేడని తెలిసి వెనక్కి తిరిగిన హెల్పర్లున్నారు. తర్వాత సాంచాలకు కరెంటులో సగం రాయితీ, కార్మికులకు 35 కిలోల బియ్యం కార్డులు వచ్చాయి. అవి ప్రాణాలు నిలిపాయి. ఇంకా ముందే వచ్చి ఉంటే ఇంకొందరు ఉండేవాళ్లు.

2016 అక్టోబరు 11న రాజన్న పేరుతో జిల్లా అయ్యాం. రాజన్న మా జిల్లాకంతా దేవుడు. వేములవాడకు కోడె మొక్కు తీర్చుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు, శివరాత్రికి ఇంటికి పోయిన లైన్‌మన్ ఉండడు. వెయ్యేళ్ల కింద అది చాళుక్యుల రాజధాని. రెండో అరికేసరి కొలువులో పంప కవి కన్నడంలో భారతం రాశాడు.

జిల్లా అయ్యాక కొలతలు మారాయి. రగుడు, పెద్దూరు, సర్దాపూర్, చంద్రంపేట, ముష్టిపల్లి, చిన్నబోనాల, పెద్దబోనాల మున్సిపాలిటీలో కలిశాయి. పల్లె పట్నమైతే ఇంటి పన్ను పెరుగుతుంది, ఉపాధిహామీ పని పోతుంది. కూలికి పోయే మనిషికి ఇది పెద్ద నష్టం, దీన్ని చిన్నమాటగా తీసెయ్యకూడదు. రగుడులో కొత్త కలెక్టరేట్ 2021 జులైలో తెరిచారు, సెప్టెంబరు వానకు దాని చుట్టూ నీళ్లు నిలిచాయి. చెరువు నుంచి చెరువుకు నీళ్లు పారే దారులు ఆ పల్లెల ముసలివాళ్లందరికీ తెలుసు. అడగాల్సింది వాళ్లను.

మానేరు మీద ఎగువన నర్మాల దగ్గర పాత డ్యాం, దిగువన మాన్వాడ దగ్గర మిడ్ మానేరు. 25 టీఎంసీలకు పైగా పట్టే ఆ జలాశయం కింద చీర్లవంచ, కొదురుపాక, అనుపురం, రుద్రారం, సంకెపల్లి, వరదవెల్లి లాంటి పన్నెండు ఊళ్లు మునిగాయి. నా ఉద్యోగం చివరి ఏళ్లలో ఆ ఊళ్లలో లైన్లు విప్పాం. మా సీనియర్లు మోకులతో ఎత్తిన స్తంభాలవి. మీటర్లు ఊడదీస్తుంటే ఇంటివాళ్లు చివరి రీడింగు రాసిమ్మని అడిగారు, ఒక్కొక్కరికీ కాగితం మీద రాసిచ్చాం. కాలనీల్లో కొత్త సర్వీసులు అదే సభ్యుల పేరుతో ఇచ్చారు. ఇప్పుడు జలాశయం నిండితే ఆ నీళ్లు మా ఊరి కరకట్ట దాకా వచ్చి నిలబడుతున్నాయి. నీళ్లు చూసి సంతోషపడేవాళ్లు ఆ పన్నెండు పేర్లూ తెలుసుకోవాలి.

2017లో ఆడవాళ్లకు ప్రభుత్వం పంచే బతుకమ్మ చీరల పథకం వచ్చింది. మొదటి ఏడాది వ్యవధి చాలక చాలా చీరలు సూరత్ నుంచి తెచ్చారు, ఆడవాళ్లు నచ్చలేదని గట్టిగానే చెప్పారు. తర్వాతి ఏళ్లలో దాదాపు కోటి చీరల పని మా సాంచాల మీదికి వచ్చింది. తెల్ల గుడ్డ తప్ప ఎరగని సాంచాలకు డిజైన్లు నేసే డాబీలు, జకార్డులు బిగించారు. కార్మికుడి చేతికి నెలంతా పని దొరికింది. ప్రభుత్వం మారాక ఆ పథకం ఆగింది, సాంచాలూ ఆగాయి, మళ్లీ చావు వార్తలు వచ్చాయి. 2025లో ఇందిరమ్మ చీరల పేరుతో పని తిరిగొచ్చింది. చీర పేరు ఏదైనా నాకు పట్టింపు లేదు. కొనేవాడు ఒక్కడే అయితే, వాడు ఎన్నికలకోసారి మారితే, 30 వేల సాంచాల ఊరు అయిదేళ్లకోసారి ఊపిరి బిగబట్టాల్సి వస్తుంది. నా పట్టింపు అదే.

మాతో పాటు మొదలైన ఆ ఐదు కరెంటు సంఘాల్లో కొన్ని ఇప్పుడు లేవు. ములా-ప్రవర 2011లో లైసెన్సు పోగొట్టుకుంది. తెలంగాణలో మాది ఒక్కటే మిగిలింది. 2022 డిసెంబరులో సెస్ డైరెక్టర్ల ఎన్నికలు జరిగితే పార్టీలు అసెంబ్లీ ఎన్నికల్లాగే దిగాయి. మంత్రులు, రాష్ట్ర నాయకులు ప్రచారం చేశారు. సంఘం విలువ తెలిసినందుకే అంత పోటీ అని కొందరంటారు. నేనట్లా అనుకోను. ఓటడగడానికి వచ్చినవాళ్లలో ట్రాన్స్‌ఫార్మర్ల గురించి, లైన్ లాస్ గురించి, టోకు ధర గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. సభ్యులు కూడా అడగలేదు. మహాసభకు వచ్చి పద్దు చదవమనే ముసలి ఆసాములు ఒకప్పుడు ముందు వరుసలో కూర్చునేవాళ్లు. ఇప్పుడు వాళ్ల మనవలు కూర్చోవాలి.

ఎందుకంటే నూలు ఇంకా మన చేతిలో లేదు. 2024లో వేములవాడలో 50 కోట్లతో నూలు డిపో పెడతామని ప్రభుత్వం ప్రకటించింది. ఆసామికి నూలు అప్పుగా దొరికితే యజమాని బీము కోసం ఎదురుచూడక్కర్లేదు, తనకు నచ్చిన గుడ్డ తనే నేసుకోవచ్చు. మంచి పనే. కాని అది సర్కారు డిపో, ఆసాముల సంఘం కాదు. 1970లో కరెంటును టోకున కొని పంచుకున్నట్టే నూలునూ కొని పంచుకోవచ్చు. వాటా ఎంత, మొదటి విడత పెట్టుబడి ఎక్కడిది, బకాయి పడితే ఏం చేయాలి, ఈ లెక్కలన్నీ సెస్ పాత పద్దుల్లో రాసే ఉన్నాయి. ఆ పుస్తకాలు చదవడానికి సాయంత్రం కూర్చుందామన్న ఆసాములు నలుగురు దొరికారు, ఇంకొందరు కావాలి.